కోటగోడ మీద పావురాలు, మామ కుడిచేయి

గద్వాలలో మా మేనమామ కుడిచేయి మామూలు చేయి కాదు. మగ్గం మీద అది ఆడుతుంటే, చూసి చూసి గోడమీది బల్లులకు మెడనొప్పులు వచ్చేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒకరోజు పొద్దున, ఆ చేయి ఉన్నట్టుండి ఒళ్లో వాలిపోయింది. తాగుతున్న చాయ్ మూతి ఒక పక్కనుంచి కారి మగ్గం మీది చీర అంచు మీద పడింది.

"కండ్లు కనిపిస్తలేవా? చీర మీద పోస్తున్నవేంది!" అని అత్త కయ్యిమంది.

మామ ఏదో అనబోతే మాట ముద్దయింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఎదురు తిట్టకపోవడం అదే మొదటిసారి కాబట్టి అత్తకు భయమేసింది.

క్షణంలో వీధంతా ఇంట్లో ఉంది. పక్షవాతమని అందరూ తేల్చారు. మందు విషయంలోనూ అందరిదీ ఒకే మాట. పడిపోయిన చేతికి పావురం నెత్తురు వేడివేడిగా రుద్దాలి.

"అల్లుడా, నీకు బండుంది గద. జల్ది పోయి పావురాన్ని పట్కరా!" అని అత్త నన్ను తరిమింది.

నేను డిగ్రీలో మెదడు బొమ్మ గీసి, రంగులద్ది, మార్కులు కొట్టేసినవాణ్ణి. అదే బండి మీద మామను ఎక్కించుకుంటే దవాఖాన ఐదు నిమిషాలు. ఆ ఆలోచన నాకూ రాలేదు, నా డిగ్రీకీ రాలేదు.

కోటగోడ మీద రోజూ లక్ష పావురాలుంటాయి. ఆ రోజు వాటికి ముందే కబురందినట్టుంది. మేం ఇరవైమందిమి, జొన్నగింజలు, దుప్పట్లు, ఒక చేపల వల. వల నామీదే పడింది. గంటన్నర యుద్ధం తరువాత ఒక ముసలి పావురం జాలిపడి దొరికింది.

దాన్ని ఊరేగింపుగా తెచ్చేసరికి, డ్యూటీ దిగి వచ్చిన పక్కింటి నర్సమ్మ మామ ముందు కూర్చుని ఉంది.

"జర నవ్వు పెద్దనాయనా."

సగం మూతే నవ్వింది.

"రెండు చేతులు లేపు."

ఒకటే లేచింది. ఆమె మావైపు తిరిగింది. "మెదడుకు రక్తం అందుతలేదు. ఎన్ని గంటలకు మొదలైంది?"

"పావురానికి పోకముందు," అంది వీధి ముక్తకంఠంతో.

"అన్నా, సదువుకున్నోనివి, నువ్వు గూడ పోయినవా?"

నేను చంకలోని పావురాన్ని అత్తకిచ్చి, జీపు కోసం పరిగెత్తాను.

స్కాన్ గద్వాలలో లేదని నర్సమ్మ చెప్పడంతో జీపులో కర్నూలు బయల్దేరాం. అత్త పావురాన్ని ఒళ్లోంచి దించలేదు. "రెండూ చేపిద్దాం. ఏది పనిచేస్తే అది," అంది. అక్కడి డాక్టరు స్కాన్ చూసి, నెత్తురు గడ్డను కరిగించే సూదికి మూడు గంటలే గడువనీ, అది దాటిపోయిందనీ చెప్పాడు. పావురానికి కిటికీ చూపించాడు.

మామ బతికాడు. రెండు నెలలకు మాట వచ్చింది. చేయి రాలేదు. వీధిలో ఎంతమందికి పంచినా, ఆ గంటన్నరలో నా వాటా తరగడం లేదు.

మిగిలిన చీర అత్తే నేసింది. మామ మంచం మీదనుంచి పోగుకొక తిట్టు తిట్టేవాడు.

"గట్ల గాదే! అంచు వంకరవోతుంది!"

"గంత బాగొస్తే నువ్వే వచ్చి నెయ్యి!"

మామ ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, మగ్గం వైపు కాసేపు చూసి, మెల్లగా మళ్లీ ఒళ్లో పెట్టుకునేవాడు. అత్త వంకరపోయినంత మేర విప్పి మళ్లీ నేసేది.