యమున కొలత

యమునకు కలలెక్కువ. మామూలు మనుషులకు వచ్చేలాంటివి కావు. సెంటినరీ కాలనీ నుంచి మొదటి షిఫ్టుకు మమ్మల్ని గనికి తీసుకుపోయే వ్యానులో నా పక్క సీటు ఆమెది. ఎక్కీ ఎక్కగానే మొదలుపెడుతుంది. గోదావరి అడుగున డంపర్ నడుపుతోందట. చేపలు వచ్చి అద్దానికి మూతులు ఆనిస్తున్నాయట. హారన్ కొడితే బుడగలు వస్తున్నాయట. వెనక సీట్లోంచి సారక్క, "ఇయ్యాల ఏం సినిమా పడ్డదే యమునా?" అని అడక్కపోతే ఆ రోజు వ్యాను కదిలినట్టే ఉండదు. నాకు కలలు రావు. ఎనిమిది గంటలు స్టీరింగు తిప్పి, ఇంటికి పోయి వంట చేసి పడుకునేదానికి కలలు ఎక్కడినుంచి వస్తాయి? ఆమెకు వస్తాయి. నాకు కొంచెం కుళ్లుగానే ఉండేది.

ఎవరీ యమున అంటారా? మా ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గూ మట్టీ మోసే పెద్ద డంపర్లు నడిపే ఆడవాళ్లం పదకొండుమందిమి. అందులో ఒకతె. భర్త అంజి భూగర్భ గనిలో పనిచేసి నడుము పోగొట్టుకున్నాడు. అతన్ని మెడికల్ అన్‌ఫిట్ చేసి ఉద్యోగం ఈమెకిచ్చారు. రెండేళ్లు ఆఫీసులో ఫైళ్లు మోసింది. ఆడవాళ్లకు డంపర్ నేర్పిస్తామని నోటీసు పెట్టిన రోజు అందరికన్నా ముందు పేరు రాయించింది. "ఎందుకే నీకీ బాధ?" అని అడిగితే, "ఎత్తుల కూసుంటె లోకం మంచిగ కనవడ్తది శోభక్కా" అంది. చూడండి జవాబు! మనిషి డంపర్ చక్రంలో సగానికి వస్తుంది. మెట్లెక్కి లోపల కూర్చుంటే, కిందనుంచి చూసేవాళ్లకు బండి తనంతట తానే వస్తున్నట్టుంటుంది.

అయినా ఆమె నడిపితే చూడాలి. చలికాలం పొద్దున మా గని నిండా పొగమంచు. మెట్లుమెట్లుగా తవ్విన నేల కనబడదు. దీపాలు మాత్రం ఒకదాని వెనక ఒకటి తేలుతూ పోతుంటాయి. పక్కనున్న మనిషి మాట కూడా ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టు వినబడుతుంది. ఆ తెల్లదనంలోంచి ఆమె బండి కుదుపు లేకుండా పైకి వస్తుంది. మా ట్రైనింగు సెంటరు ఇంచార్జి లింగమూర్తి సారు ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు. ఆయనే ఒకసారి, "గీమె బండి నడుపుతలేదు, ఊయల ఊపుతున్నది" అన్నాడు.

పోయిన డిసెంబర్లో ఆ మంచులోనే నీళ్ల ట్యాంకరు ఒకటి అడ్డం వచ్చింది. యమున బ్రేకు తొక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఆమె మెడకు తప్ప. కాలు బ్రేకుకు అందాలంటే ఆమె సీటును ముందుకు చివరిదాకా లాక్కుని, వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుంటుంది. అలా కూర్చుంటే బెల్టు భుజం మీదుగా పోదు, గొంతు మీదుగా పోతుంది. తిరుగు వ్యానులో స్కార్ఫు తీసి చూపించింది. చెవి కిందనుంచి గొంతు దాకా ఎర్రటి వాత.

"ఇంకింత జోరుగుంటె పానం పోతుండె అక్కా," అంది, అదీ ఒక కలే అన్నట్టు నవ్వుతూ. నాకు ఒళ్లు మండింది. మర్నాటినుంచి బెల్టును చంక కిందనుంచి పెట్టుకోవడం మొదలుపెట్టింది. అలా పెట్టుకుంటే గుద్దుకున్నప్పుడు పక్కటెముకలు విరుగుతాయని ట్రైనింగులో చెప్పనే చెప్పారు. గొంతు కాపాడుకోవాలా, పక్కటెముకలు కాపాడుకోవాలా అని రోజూ పొద్దున్నే తేల్చుకోవలసిన గతి ఆమెది.

జనవరిలో మైత్రి వచ్చింది. మంథని పిల్ల, బడిపంతులు గారి కూతురు. బండ్లను గోడకు గుద్ది పరీక్షించే ఒక సంస్థలో ఇంజనీరు. మనుషుల్ని కూర్చోబెట్టి గుద్దలేరు కదా, బొమ్మల్ని కూర్చోబెడతారట. ట్రైనింగు సెంటర్లో మేమంతా చుట్టూ మూగితే ఫోనులో వీడియో చూపించింది. వేగం బాగా తగ్గించిన వీడియో అది. అద్దం ముక్కలు గాల్లో నింపాదిగా తిరుగుతున్నాయి. బొమ్మ చేతులు నీళ్లలో ఉన్నట్టు పైకి లేచాయి. తల ముందుకు వంగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ వెనక్కి వచ్చింది. చప్పుడే లేదు. యమున రెప్ప వేయకుండా చూసింది.

"గీ బొమ్మ మొగోడా?" అని అడిగింది సారక్క.

"అవునక్కా. ఏండ్ల సంది ఎక్కువ మొగోళ్ల సైజు బొమ్మతోనే సీట్లు, బెల్టులు చూస్తున్నరు. ఆడ బొమ్మ అని మా దగ్గర ఒకటున్నది గాని, అది గూడ మొగ బొమ్మను కుదించి చేసిందే. దగ్గర దగ్గర ఐదడుగులు ఉంటది. అంతకన్న కురచోళ్లు కూసుంటె బెల్టు ఎక్కడ పడ్తదో చూసెటోళ్లు లేరు. నేను ఇంక చిన్న బొమ్మ చేయిద్దామంటున్న. దాన్ని వెట్టి మీ డంపర్ల సీటు, బెల్టు పరీక్షించాలె."

"మరి చేయియ్యరాదు?" అంది యమున.

మైత్రి ముఖం చిన్నబోయింది. "మీ ఆఫీసు నుంచి మీ అందరి ఎత్తులు తెప్పించిన. పదకొండు మందిల ఒక్కలు గూడ నాలుగడుగుల పదంగుళాలకు తక్కువ లేరు. గంతదానికి కొత్త బొమ్మెందుకు, ఉన్నది సాలు అంటున్నరు మా పెద్దసార్లు. రేపు నేనే మల్లొకసారి కొలుస్త. ఇష్టమున్నోళ్లే రాండ్రి. గవ్వే లెక్కలొస్తె మాత్రం బొమ్మ లేదు, సీటు గిట్లనే ఉంటది."

గదిలో ఎవరూ ఎవరి ముఖం చూడలేదు.

క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ యమున నా చెవిలో అసలు సంగతి చెప్పింది. ఆమె ఎత్తు నాలుగడుగుల ఎనిమిది. డంపర్ ట్రైనింగుకు నాలుగడుగుల పది ఉండాలన్నారు ఆ ఏడు. మెడికల్ రోజు పొద్దున అంజి ఆమెను పీట మీద కూర్చోబెట్టి, జుట్టంతా నడినెత్తికి దువ్వి కొప్పు చుట్టాడట, లోపల తన పాత మేజోడు మడిచి పెట్టి. కొలిచే పలక వచ్చి కొప్పు మీద ఆగింది. ఎత్తు రెండంగుళాలు పెరిగింది.

"రేపు కొలిస్తె నిజం బయటవడ్తదక్కా. లింగమూర్తి సారు రికార్డు వట్టుకొని ఆడనే కూసుంటడు. దొంగ లెక్క రాయించినవని నౌకరి పీకేస్తె అంజికి మందులెట్ల? మేం తినుడెట్ల?"

"అయితె పోకు. జబర్దస్తి ఏం లేదన్నది గద. తలకాయ నొస్తున్నదని చెప్పు."

"మరి బొమ్మ?"

"బొమ్మతోని నీకేం పనే? బొమ్మ నీకు బువ్వ వెడ్తదా? గప్‌చుప్ ఉండు!" అని కసిరాను. క్యాంటీన్‌లో సగం మంది తిరిగి చూశారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, నా ఉలుకు ఆ రోజు అలాగే ఉంది. వ్యాను ఎక్కేలోపు మిగతావాళ్లకు కూడా చెప్పాను, కొలతలకు ఎవ్వరూ పోవద్దని.

మర్నాడు వ్యానులో యమున వచ్చి కూర్చుంది. కాలనీ దాటాక, "బొమ్మ ఇంటికొచ్చిందక్కా" అంది.

క్వార్టరు వాకిట్లో ఇంకా తెల్లవారలేదట. గడప బయట మంచులో చిన్న ఆడమనిషి నిలబడి ఉందట, సరిగ్గా యమున అంతే. ముఖం ఇంకా చెయ్యలేదు, నున్నగా ఉంది. లోపలికి రమ్మంటే, "నేనింక పుట్టలేదు గద, ఎట్ల వస్త?" అందట. చెయ్యి పట్టుకోబోతే యమునకు చలి తగిలింది గాని చెయ్యి తగల్లేదు. ఆ బొమ్మ వెనక ఇంకా చాలామంది ఉన్నారట. నిండు నెలల మనిషి ఒకామె, నడుము వంగిన ముసలామె, బాగా లావుపాటి ఆమె. అందరికీ ముఖాలు నున్నగానే. మంచు ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా నిలబడ్డారట, రేషను షాపు ముందర నిలబడ్డట్టు, ఓపిగ్గా. సారక్క ఆ రోజు సినిమా అని ఎగతాళి చెయ్యలేదు.

"అంజికి చెప్పినవా?" అని అడిగాను.

"చెప్పిన. 'కొప్పు చుట్టినోన్ని నేను, తప్పు నాది. నీ మెడ మీది వాత చూసుకుంట నాకు బువ్వ దిగుతలేదు. నౌకరి పోతె పోనీ, నువ్వు పోతె నేనేం జెయ్యాలె? పోయి సీదా నిలవడు' అన్నడు."

నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. కిటికీ వైపు తిరిగి, దుమ్ము పడిందని డ్రైవర్ను తిట్టాను.

ట్రైనింగు సెంటర్లో మైత్రి గోడకు కొలత పట్టీ అంటించింది. లింగమూర్తి సారు బల్ల దగ్గర రికార్డు తెరిచి కూర్చున్నాడు. మేమంతా బెంచీల మీదే ఉన్నాం. ఎవరూ కదల్లేదు. యమున లేచింది. బూట్లు విప్పింది. ముడి విప్పి జుట్టు మొత్తం వదిలేసింది, నడుము దాకా పడింది. మడమలు గోడకు ఆనించి నిలబడి కళ్లు మూసుకుంది. మైత్రి తల మీద అట్ట పెట్టి చూసింది. మళ్లీ చూసింది.

"నాలుగడుగుల ఎనిమిది."

లింగమూర్తి సారు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "రికార్డుల పదంగుళాలున్నది గదమ్మా?"

"అది కొప్పు సార్. నేను గింతే."

"నాలుగేండ్ల సంది గింత మనిషివే నడిపినవా గంత బండి?"

"నడిపిన సార్. యాడ గీత వడలే." వదిలిన జుట్టును మళ్లీ ముడి వేసుకుంది. "నౌకరి తీస్తరా సార్?"

"నాకు తెల్వది. పైకి రాయాలె," అన్నాడు సారు. పెన్ను తీశాడు.

మైత్రి కాగితం చూసుకుంటూ నిలబడిపోయింది. ఆ పిల్ల ముఖం చూస్తే నాకర్థమైంది. పదకొండుమందిలో కురచది ఒక్కతే అయితే, ఆ ఒక్కతె కోసం బొమ్మ చెయ్యరు. ఆ ఒక్కతెను ఇంటికి పంపడం కూడా తేలికే. అంతా పోగొట్టుకుని యమునకు మిగిలేది మెడ మీది వాతే. నేనెందుకు లేచానో అంతకన్నా చెప్పలేను.

నిజం చెబుతాను. మెడికల్ రోజు నేను చీర కట్టుకుని పోయాను. కుచ్చిళ్ల చాటున మునివేళ్ల మీద నిలబడ్డాను. రికార్డులో నేను నాలుగడుగుల పదకొండు. బూట్లు విప్పి గోడకు ఆనుకుని, రెండు పాదాలూ నేలమీద పూర్తిగా ఆనించాను.

"తొమ్మిది," అంది మైత్రి.

"నీది గూడనా శోభమ్మా!" అన్నాడు సారు.

నేను జవాబు చెప్పేలోపే సారక్క నన్ను మోచేత్తో పక్కకు తోసింది. "జరుగవే. నాది గూడ గదే కత." ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె. చాయ్ వచ్చే వేళకు మాలో ఏడుగురం కురచైపోయాం. ఎవరికి వాళ్లం ఒంటరి దొంగలమనుకుని ఒకే వ్యానులో నాలుగేళ్లు తిరిగాం! ముందు యమున నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత మేమంతా రెండూ కలిపి చేశాం.

లింగమూర్తి సారు రికార్డు మూసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఒక్కలైతె పైకి రాస్తుంటి," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "ఏడుగుర్ని ఇంటికి పంపి, రేపు మొదటి షిఫ్టుకు బండ్లు నేను నడపాల్నా?" తర్వాత మైత్రి వైపు తిరిగాడు. "ఆ బొమ్మ ఎంత ఎత్తు వెడ్తరమ్మా?"

"నాలుగడుగుల ఎనిమిది సార్," అంది మైత్రి.