కోతపండగ వేలంలో నా పిడికిలి

“ఈసారి మన చదువుగదికి పుస్తకాలు ఎంచేది నువ్వే నాయనా. ఎవురూ అడ్డం రారు.”

పత్తికొండ దగ్గర మా ఊరి చర్చి వరండాలో పాస్టరుగారు నాకిచ్చిన మాట ఇది. ఆ మాట ఎట్లా పోయిందో, దాని వెనకే నా పరువు ఎట్లా పోయిందో మొన్న ఆదివారం ఊరంతా చూసింది. మీరూ వినండి.

చర్చి పక్కన చదువుగదిలో ఉన్నది ఒకే బీరువా. అందులో ఖాళీగా ఉన్నది ఒకే అర. ఆ అర కోసం ఎండల్లో తిరిగి పుస్తకాలు పోగుచేశాను. భూమి సమస్య, కరువు చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజ్యాంగం. కరువుసీమకు చదువే వాన! ఈ నినాదం నాది కాదు, ఏదో గోడ మీద చూశా. కానీ నాదన్నట్టే వాడతాను.

ఇంతలో చర్చి స్త్రీల సమాజం తరఫున సరోజత్త ఇంకో కట్ట తెచ్చింది. డిటెక్టివ్ నవలలు, ప్రేమ నవలలు, నిలవ పచ్చళ్ళ పుస్తకం, షర్బత్తులూ జ్యూసులూ చేసే పుస్తకం! మండిపోయాను.

“అత్తా, ప్రజా చైతన్యానికి ఈ పచ్చళ్ళే అడ్డుగోడ!”

“చైతన్యంలో నంజుకునేదానికి ఏమన్నా ఉండల్ల గదప్పా!”

పాస్టరుగారు ఇద్దరినీ చూసి, గొంతు సవరించుకుని, మాట మార్చేశారు. “కోతపండగ వేలంలో రెండు కట్టలూ పెడదాం. ఏది ఎక్కువ పలికితే అది బీరువాలోకి.”

కోతపండగ రోజు ఆరాధన కాగానే, జనం కానుకగా తెచ్చిన టమేటా గంపలు, కోళ్ళు, గుమ్మడికాయలు చర్చి ముందరే వేలం వేస్తారు. నోరు తెరిచి ధర చెప్పే పని లేదు. చెయ్యి లేస్తే వంద రూపాయలు పెరిగినట్టే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పద్ధతే!

ముందు నా కట్ట. వేలం వేసే సంఘపెద్ద యేసురత్నం మామ దాన్ని పైకెత్తి, “అబ్బా, ఏం బరువు!” అన్నాడు. ఒకే చెయ్యి లేచింది. మా నాయనది. అదీ మా అమ్మ మోచేత్తో పొడిస్తే.

తర్వాత అత్త కట్ట. సరోజత్తే చెయ్యెత్తింది. ఇంకెవరూ పాడలేదు. సమానం! అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే పాస్టరుగారు ఆ అరను చెరిసగం పంచేవారేమో. కానీ కళ్ళముందు అన్యాయం జరుగుతుంటే కూర్చునే రకమా నేను? లేచి పిడికిలి ఎత్తా.

“వంటింటి సాహిత్యం మాకొద్దు!”

“పాట పెరిగింది!” అన్నాడు మామ.

“విజ్ఞానం ప్రజల హక్కు!” మళ్ళీ పిడికిలి.

“ఇంకో వంద!”

“మామా, నేను పాడటం లేదు! నిరసన తెలుపుతున్నా!” ఇది చెప్పడానికీ చెయ్యి లేచింది. చెయ్యెత్తకుండా నిరసన నాకు రాదు.

“తెలుపప్పా, బాగా తెలుపు. ఇంకో వంద!”

సరోజత్త ఎప్పుడో చెయ్యి దించేసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతాంది. పోటీలో మిగిలింది నేనొక్కణ్ణే. నా మీద నేనే పాడుకుంటున్నా! వెనక నుంచి ఎవరో, “పచ్చళ్ళంటే శానా ఇష్టం ఉన్నట్టుండాదే!” అన్నారు. అటు తిరిగి ఆవేశంగా రెండు చేతులూ ఎత్తా.

“రెండు చేతులు, ఇంకో రెండు వందలు! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!”

చప్పట్లు! ఆ రోజు మేకపోతు తర్వాత అంత పలికింది అదొక్కటే. కర్నూలు పోయి పుస్తకాలు కొనాలని దాచుకున్న దుడ్లు అక్కడే కట్టేశా. అత్త కట్ట అరలోకి పోయింది. నా కట్ట మా నాయన భుజమెక్కి ఇంటికొచ్చింది.

మరునాడు, శత్రువును తెలుసుకోవాలి కదా అని, అత్త కట్టలోంచి ఒక డిటెక్టివ్ నవల తీశా. మిల్లు యజమాని హత్య. నలుగురి మీద అనుమానం. అన్నం కూడా మర్చిపోయి చదివా. తీరా చూస్తే ఆఖరి కాగితాలు లేవు! సరోజత్త ఇంటికి పరుగెత్తా.

“అవా? బొరుగులు పొట్లం కట్టినాను నాయనా.”

“చంపిందెవరో చెప్పత్తా!”

“కథలు చదివేటోనివి కాదు గదప్పా, నీకెందుకు?”

అందుకే స్త్రీల సమాజానికి ఇదే నా బహిరంగ డిమాండు. హంతకుడి పేరు తక్షణమే వెల్లడించాలి! లేదంటే చదువుగది ముందు నిరాహారదీక్షకు కూర్చుంటా. ప్రేమ నవల చేతిలో పెట్టి బుజ్జగించినా లేవను. ఒకవేళ తీసుకున్నా, ఆఖరి పేజీ ఉందో లేదో చూసే తీసుకుంటా.

గడువు డిసెంబరు పది.