చెక్క ఊళ్లో డాక్టరు

నేను చాలా ఏళ్లు హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసిన మనిషిని. కంటికి ఆనని క్రిమిని కూడా గాజుపలక మీద పెట్టి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చూశాకే ఉందని రిపోర్టు రాసేదాన్ని. ఎవరైనా దయ్యాలూ ఆత్మలూ అని మొదలుపెడితే, టీ పెట్టే నెపంతో లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ అలాంటి కబుర్లంటే నాకు పడదు.

అందుకే ఇది రాయడం నాకు ఇబ్బందిగా ఉంది. మా అమ్మాయి అను కూడా చూసింది కాబట్టి రాస్తున్నాను. నేనొక్కదాన్నే చూసి ఉంటే కళ్ల డాక్టరుకి చూపించుకుని ఊరుకునేదాన్ని.

విస్కాన్సిన్‌లో మాడిసన్‌కి దక్షిణంగా, ఎప్పుడో స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న పల్లెలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక ఊళ్లో మేం ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాం. ఊరి పేరు రాయను. రాయబుద్ధి కాదు.

ఆ దారిన వెళ్లేవాళ్లను ఆపడానికి అక్కడ లేని వింత లేదు. జంక్షన్‌లో ఏనుగంత ఫైబర్ ఆవు, దాని మెడలో గుమ్మడికాయంత గంట. గ్యాస్ స్టేషన్ కప్పు మీద పెద్ద గడియారం, గంటకోసారి అందులోంచి చెక్కపిట్ట బయటికొచ్చి అరిచేది. చీజ్ ముక్క ఆకారంలో సిమెంటు బెంచీ. పాలమ్మాయి బొమ్మ గీసి ముఖం దగ్గర కన్నం పెట్టిన పలక. అందులో ముఖం దూర్చి ఫొటో దిగని మన చుట్టం ఒక్కరూ లేరు.

వాటన్నిటిలోకీ పేరున్నది వెర్నర్ చెక్క ఊరు. వెర్నర్ పాడి రైతు. చలికాలం రాత్రుళ్లు కూర్చుని మొత్తం ఊరినే చిన్నగా చెక్కి, రోడ్డు పక్క షెడ్డులో గాజుపెట్టెలో పెట్టాడు. కింద పాత కుట్టుమిషన్ మోటార్లు, సైకిల్ చెయిన్లు. స్విచ్ నొక్కితే ఊరు కదిలేది. చర్చి గంట మోగేది, ఆవులు తలలూపేవి, చీజ్ చేసేవాడు గంగాళంలో తెడ్డు తిప్పేవాడు. ప్రతి బొమ్మా ఆ ఊళ్లో బతికున్న ఎవరో ఒకరు. పోస్ట్‌మాస్టర్ నడకలోని కుంటు కూడా బొమ్మకి వచ్చేసింది.

మావారు ఆ ఊళ్లో హాస్పిటల్ వాళ్ల క్లినిక్‌లో డాక్టరు. మూర్తి అనడం వాళ్లకు నోరు తిరక్క డాక్టర్ మార్టీ అన్నారు. మొదట్లో ఆయన సరిచేసేవారు. తరవాత ఆయనే ఫోన్‌లో "దిస్ ఈజ్ డాక్టర్ మార్టీ" అనడం మొదలుపెట్టారు.

మంచు మోకాళ్ల లోతున పడ్డా ఎవరింటికి రమ్మంటే వాళ్లింటికి వెళ్లేవారు. అమెరికాలో ఇంటికి వెళ్లి చూసే డాక్టర్లు ఎవరున్నారండీ అంటే, "రైతులోయ్, ఆవుల్ని వదిలి రాలేరు" అనేవారు. నేను పొయ్యి మీద అన్నం అలా ఉంచి ఆయన కోసం చూసిన రాత్రులకు లెక్క లేదు.

ఒక ఏడు వసంతంలో వెర్నర్ చెక్క ఊరికి కొత్త బొమ్మ చేర్చాడు. చేతిలో నల్ల బ్యాగుతో మావారు. తక్కిన బొమ్మలన్నీ తెల్లచెక్క, ఈయనకు మాత్రం వెతికి గోధుమరంగు వాల్‌నట్ చెక్క తెచ్చాడు. క్లినిక్ తలుపు తెరుచుకుని బొమ్మ బయటికొచ్చేది. గాడిలో మెల్లగా జారుతూ కొండ మీది రైతు ఇంటిదాకా వెళ్లేది. ఆ ఇంటి తలుపు తెరుచుకునేది, లోపలికి వెళ్లేది, వెనకవైపు నుంచి మళ్లీ బయటికొచ్చేది. ఆ రైతు ఇల్లు వెర్నర్ సొంత ఇల్లే.

అది చూసి మావారు పొంగిపోయారు. ఆయన్ని అంత సంతోషంగా నేను మా పెళ్లిలో కూడా చూడలేదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా లగేజీ దింపకముందే ఆ షెడ్డుకి తీసుకెళ్లేవారు. "ఇదిగో, మనం ఇక్కడివాళ్లమైపోయాం" అనేవారు. మనం అనేవారే గానీ, ఆ పెట్టెలో నేను లేను. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

తరవాత వెర్నర్ భార్య మార్గరెట్‌కి కడుపునొప్పి వచ్చింది. ఒక ఉదయం క్లినిక్‌కి వస్తే మావారు చూసి, ఇది ఇక్కడ తేలేది కాదు, ఇవాళే మాడిసన్ వెళ్లండి, నేను అక్కడి సర్జన్‌తో మాట్లాడి ఉంచుతాను అన్నారు. వాళ్లు సాయంత్రం దాకా బయల్దేరలేదు. ఆవిడ దారిలోనే పోయింది.

డాక్టరు కంగారేమీ లేదన్నాడని వెర్నర్ చెప్పుకున్నాడు. చర్చిలో చెప్పాడు, దాణా కొట్టు దగ్గర చెప్పాడు. హాస్పిటల్ వాళ్లు విచారణ చేసి మావారి తప్పేమీ లేదన్నారు. కానీ విచారణ గదిలో అన్న మాట దాణా కొట్టు దాకా రాదు కదా. ఇరవై ఏళ్లు తమ పిల్లల్ని ఆయన చేతుల్లో పెట్టినవాళ్లు సూపర్ మార్కెట్‌లో మమ్మల్ని చూసి వేరే వరసలోకి తిరిగేవాళ్లు. పేషెంట్లు తగ్గారు. కాంట్రాక్టు అయిపోయాక మళ్లీ ఇవ్వలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయన ఒక్కరే ఆ షెడ్డుకి వెళ్లొచ్చారు. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు.

"తీసేశాడు" అన్నారు.

ఏమిటని నేను అడగలేదు. ఆయనా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మేం అక్కణ్ణుంచి చాలా దూరంలో ఉన్న క్యారీ అనే ఊరికి మారిపోయాం. అను అక్కడ ఫార్మా కంపెనీలో పనిచేస్తుంది. చుట్టూ తెలుగువాళ్లు, గుడి, ఆదివారం భోజనాలు అన్నీ ఉన్నాయి. ఆయన వాటిలో దేనికీ వచ్చేవారు కాదు. కిటికీ దగ్గర కూర్చుని ఎదుటివాళ్ల గడ్డి చూసేవారు. వచ్చిన కొన్నాళ్లకే స్ట్రోక్ వచ్చి పోయారు.

పోయిన ఆకురాలు కాలంలో అనుకి మాడిసన్‌లో ఏదో కాన్ఫరెన్స్ పడింది. "అమ్మా, నువ్వు కూడా రా. నేను పుట్టిన ఊరు ఒకసారి చూడాలనుంది నాకు" అంది. వద్దన్నాను. అది వినలేదు. మధ్యాహ్నం భోజనం చేసి అద్దె కారులో బయల్దేరాం.

ఫైబర్ ఆవుకి కొత్త రంగు వేశారు. అను నవ్వుతూ ఫొటోలు తీసుకుంది. నాకు కారు దిగాలని లేదు. షెడ్డు దగ్గరికొచ్చేసరికి అను బ్రేక్ వేసింది.

లోపల వెర్నర్ కూతురు రూత్ ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టి, "మిసెస్ మార్టీ" అంది. వెర్నర్ పోయాడట, ఇప్పుడు షెడ్డు తనే చూసుకుంటోందట. మావారు పోయారని నేను చెప్పాను. అయ్యో అంది.  అప్పుడామె స్విచ్ నొక్కింది.

అప్పుడు మంచి వెలుతురుంది. షెడ్డు కిటికీల్లోంచి ఎండ నేరుగా గాజుపెట్టె మీద పడుతోంది. మేం ముగ్గురమే ఉన్నాం. ఇది ఎందుకు చెప్తున్నానంటే, చీకట్లో ఏదో చూసి పొరబడ్డాననుకోవడానికి లేదు.

గంట మోగింది. ఆవులు తలలూపాయి. తెడ్డు తిరిగింది. తరవాత క్లినిక్ తలుపు తెరుచుకుంది.

ఆయన బయటికొచ్చారు.

వాల్‌నట్ ముఖం, నల్ల బ్యాగు, కుడి భుజం కాస్త కిందికి. గాడిలో మెల్లగా జారుతూ కొండెక్కారు. అను నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "అమ్మా, చూడు, నాన్న" అంది. బొమ్మ రైతు ఇంటి ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. వెనకవైపు నుంచి బయటికొస్తుందని చూస్తున్నాను. రాలేదు. మోటారు ఆగిపోయింది.

నాకు భయం వెయ్యలేదు. ఆ క్షణంలో నేననుకున్నదేమిటంటే, రూత్ మనసు మార్చుకుని కొత్త బొమ్మ చేయించి పెట్టింది అని. ఇన్నేళ్ల కోపం ఒక్కసారి దిగిపోయినట్టయింది. రూత్ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాను. మళ్లీ పెట్టినందుకు చాలా థాంక్స్ అన్నాను. ఆ మనుషులకు నేను థాంక్స్ చెప్పాను.

రూత్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏం పెట్టాను?" అంది ఇంగ్లీషులో.

డాక్టరు బొమ్మ అని అను చెప్పింది. రూత్ మా ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూసింది. మేం ఎగతాళి చేస్తున్నామనుకుందో ఏమో, గాజుపెట్టె మూత ఎత్తి చూపించింది. గాడి నిండా దుమ్ము పేరుకుని ఉంది. దాని మీద ఏదీ జారిన గుర్తు లేదు. రైతు ఇంటి పైకప్పు ఊడదీసింది. లోపల చచ్చిన ఈగలు తప్ప ఏమీ లేవు. మళ్లీ స్విచ్ నొక్కింది. క్లినిక్ తలుపు తెరుచుకుని మూసుకుంది. కాసేపటికి కొండ మీది ఇంటి తలుపు తెరుచుకుని మూసుకుంది. మధ్యలో ఎవరూ నడవలేదు.

"ఆ బొమ్మ లేదు. మా నాన్న దాన్ని కట్టెల స్టవ్‌లో వేశాడు. నేను అక్కడే ఉన్నాను" అంది రూత్.

తరవాత ఆమె స్టూల్ మీద కూర్చుండిపోయింది. మేం ఏమీ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ పోయిన రోజు మధ్యాహ్నం మావారు వాళ్లింటికి ఫోన్ చేశారట, ఇంకా బయల్దేరలేదా అని. ఎత్తింది రూతేనట. వెర్నర్‌తో చెబితే, పాలు పితకడం అయ్యాక వెళ్దాం అన్నాడట. కాసేపటికి ఆయన మళ్లీ చేశారట. అప్పుడు ఎత్తొద్దన్నాడట వెర్నర్.

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నాన్న బతికున్నాడు కదా" అంది.

"మా నాన్న కూడా అప్పుడు బతికే ఉన్నారు" అంది అను. నా కూతురు ఎవరి మీదా గొంతు పెంచదు. అప్పుడూ పెంచలేదు.

రూత్ ఏడ్చింది. కొత్త బొమ్మ చేయిస్తాను, మంచి చెక్కతో చేయిస్తాను, ఒక ఫొటో పంపండి అంది. వద్దన్నాను. వెళ్లేటప్పుడు చీజ్ ప్యాకెట్ ఒకటి తెచ్చి అను చేతిలో పెట్టింది. మర్యాదకు అను తీసుకుంది. గ్యాస్ స్టేషన్ దగ్గర నేను దాన్ని చెత్తబుట్టలో వేశాను.

 కారులో అను తను చూసింది చూసినట్టు చెప్పింది. బ్యాగు కుడిచేతిలో ఉందంది. వెనకవైపు నుంచి రాలేదంది. నేను నోరు విప్పకముందే చెప్పింది. రెండూ నేను చూసినవే.

షెడ్డులో అను ఫోన్‌లో వీడియో తీసింది. దాన్ని చాలాసార్లు చూశాను. ఆవులున్నాయి, తెడ్డు ఉంది, క్లినిక్ తలుపు తెరుచుకోవడం ఉంది. సరిగ్గా అక్కడ రూత్ భుజం ఫోన్‌కి అడ్డొచ్చింది. ఆమె ముందుకు వంగి గాజుకి ముఖం ఆనించింది. అను గొంతు వినిపిస్తుంది, అమ్మా చూడు అని. రూత్ తిరిగి నిలబడేసరికి ఇంటి తలుపు మూసుకుపోతోంది. తనేమీ చూడలేదని రూత్ చెప్పింది. రోజుకి పదిసార్లు చూసే బొమ్మల్ని అలా వంగి ఎందుకు చూసిందో నేను అడగలేదు. అడిగినా నిజం చెప్పే వంశం కాదు.

ఒకేసారి ఇద్దరికి ఒకే భ్రమ కలుగుతుందా అని తెలిసిన సైకియాట్రిస్టుని అడిగాను. దుఃఖంలో ఉన్నవాళ్లు చూడాలనుకున్నది చూస్తారన్నాడు. నిజమే కావచ్చు. కానీ నేను చూడాలనుకున్నది అది కాదు. గాడిలో దుమ్ము చెదరకుండా ఒక కొయ్యబొమ్మ ఎలా నడిచిందో నా దగ్గర జవాబు లేదు. ఉందని రిపోర్టు రాయలేను, లేదనీ రాయలేను.

ఆయన పోయాక నాకు ఒక్క కలలో కూడా కనిపించలేదు. క్యారీలో ఆ కిటికీ దగ్గర కుర్చీ ఇంకా ఉంది, అందులో ఎన్నడూ ఏ నీడా కదలలేదు. నాతో ఒక్క మాట చెప్పాలని ఆయనకు తోచలేదు. తనని పొయ్యిలో పెట్టినవాళ్లింటికి మాత్రం బ్యాగు పట్టుకుని పేషెంటుని చూడ్డానికి వెళ్లారు. లోపలికి వెళ్లి, ఇంకా బయటికి రాలేదు.