పంచాంగంలో మొదటి పేజీ

వేంకటసుబ్రహ్మణ్యం రోజూ రెండు లెక్కలు చెప్పేవాడు. తెల్లవారుజామున తెనాలిలో ఇంట్లో, సంధ్య వార్చేటప్పుడు, మనం ఏ కల్పంలో ఏ మన్వంతరంలో ఉన్నామో సంకల్పంలో చెప్పుకునేవాడు. ఆ లెక్కన సృష్టి మొదలై నూట తొంభై అయిదు కోట్ల ఏళ్ళ పైచిలుకు. పదిన్నరకి రేపల్లె హైస్కూల్లో నల్లబల్ల మీద భూమి వయసు నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ళని రాసేవాడు. రెండింటికీ మధ్య ప్యాసింజరు బండిలో గంట ప్రయాణం. పద్దెనిమిదేళ్ళుగా ఆ గంటే ఆయన్ను కాపాడింది.

చాలామంది ఇలాగే బతికేస్తారు. దానికి సమన్వయమని పేరు కూడా పెట్టుకుంటారు. తండ్రి అడక్కపోతే ఈయనకూ అలాగే గడిచిపోయేది.

తండ్రి దక్షిణామూర్తి సిద్ధాంతి. యాభై ఏళ్ళుగా ఏటా పంచాంగం గణించి తెనాలిలోనే అచ్చు వేయిస్తున్నాడు. 1987 చలికాలానికి ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ఒకనాడు కొడుకును పిలిచాడు.

"ఈ ఉగాదిదే నా ఆఖరు పంచాంగంరా. పై ఏటి నుంచి నీ పేరు వేద్దాం."

"తిథులు, గ్రహణాలు కట్టిపెడతాను నాన్నగారూ. మొదటి పేజీకి మాత్రం నా పేరు వద్దు."

మొదటి పేజీలో సృష్టి మొదలై ఎన్నేళ్ళయిందో ఉంటుంది. ఏటా దానికి ఒకటి కలుపుతారు.

"ఏం, దానికేమొచ్చింది?"

"బళ్ళో పిల్లలకి వేరే చెబుతున్నానండి."

"మొదటి పేజీ తీసేస్తే మిగిలేది క్యాలెండరేగా! అదైతే కిరాణా కొట్టువాడు ఊరికే ఇస్తాడు," అని ముసలాయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాడు.

నెల రోజులు ఇద్దరికీ మాటల్లేవు. కబుర్లు అటూ ఇటూ చేరవేసే పని కోడలు నాగేశ్వరమ్మ మీద పడింది. "మావయ్యగారు మజ్జిగన్నం చాలన్నారు. మీ సంగతేంటి? భూమి చల్లారిందాకా ఆగుతారా?" అనేది మొగుడితో.

మాఘమాసంలో ఒకరోజు, రైలు పెట్టెలో, వేంకటసుబ్రహ్మణ్యానికి చిన్నప్పటి నుంచీ తెలిసిన అంకె ఒకటి కొత్తగా తట్టింది. బ్రహ్మకు ఒక పగలంటే మనకు నాలుగు వందల ముప్పై రెండు కోట్ల ఏళ్ళు. భూమికి నాలుగు వందల యాభై. అంత దూరపు లెక్కలో పద్దెనిమిది కోట్లు ఒక తేడానా? ఆ సాయంత్రం ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"కుదిరింది నాన్నగారూ! నా పేరు వేయించండి. ఎలా కుదిరిందో ఉగాదికి బాపట్లలో మీ పంచాంగశ్రవణం సభలో చెబుతా, వినండి."

సిద్ధాంతి ముఖం వెలిగింది. ఆ పూట కొడుకు పక్కన కూర్చుని భోంచేశాడు.

ఉగాదినాడు బాపట్లలో తండ్రి పంచాంగం చదివాక కొడుకు అరగంట మాట్లాడాడు. బ్రహ్మ పగలు, భూమి వయసు దాదాపు ఒకటేనన్నాడు. సభ ఊగిపోయింది. సైన్సు మాటను వారమంతా నమ్మనివాళ్ళు కూడా, అదే సైన్సు వచ్చి తమ తాతలకు సర్టిఫికెట్టు ఇస్తే లేచి నిలబడి చప్పట్లు కొడతారు. అధ్యక్షుడు పాండురంగారావు శాలువా కప్పి, "మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారండీ!" అన్నాడు. ముందు వరసలో దక్షిణామూర్తి తల వంచుకుని చేతివేళ్ళు చూసుకుంటున్నాడు.

తిరుగు బండిలో నిడుబ్రోలు దాటాక ముసలాయన మొదలెట్టాడు.

"నువ్వు చెప్పిన నాలుగు వందల ముప్పై రెండూ పగలంతా కలిపిరా. గడిచింది నూట తొంభై అయిదే, మనకింకా మిట్టమధ్యాహ్నం కూడా కాలేదు."

వేంకటసుబ్రహ్మణ్యం శాలువా మడత పెడుతున్నవాడు ఆగాడు.

"పగలుకి పద్నాలుగు మన్వంతరాలు. ఆరు అయిపోయి ఏడోదైన వైవస్వతంలో ఉన్నాం. వైవస్వత మన్వంతరే అని రోజూ నీ నోటితోనే అంటున్నావు. ఒక్కనాడూ వినలేదా?"

వినలేదు. ముప్పై ఏళ్ళుగా అంటున్నాడు, వినలేదు.

"మరి అక్కడే చెప్పొచ్చుగదండీ."

"అన్ని చప్పట్ల మధ్య ఏం లేస్తాను?" కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "నీ లెక్క నిజమైతే నాది తప్పని చెప్పు, పడతాను. యాభై ఏళ్ళు తప్పు గణించానని పోతాను. అంతేగానీ నా అంకెని లాగి నీ అంకె పక్కన కూచోబెడతావేంట్రా? నీ పేరు వద్దులే."

సిద్ధాంతి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ కార్తీకంలో పోయాడు.

పదోరోజు పెనుమూడి రేవులో, నడుం లోతు నీళ్ళలో, పురోహితుడు సుబ్బయ్య సంకల్పం చెప్పిస్తున్నాడు. వైవస్వత మన్వంతరే దగ్గర వేంకటసుబ్రహ్మణ్యం ఆగాడు. ఈసారి ప్రతి మాటా వినిపిస్తోంది.

"అనండి సార్. నీళ్ళు చల్లగా ఉన్నాయి," అన్నాడు సుబ్బయ్య.

అన్నాడు. నమ్మకం లేకుండా, ఒక్క అక్షరం మింగకుండా అన్నాడు.

ఇంటికొచ్చి తండ్రి బల్ల సొరుగు తీస్తే పై ఏటి పంచాంగానికి ఒకే కాగితం కనిపించింది. తిథుల్లేవు, గ్రహణాల్లేవు. మొదటి పేజీ మాత్రమే. వంకరటింకర రాతలో 195,58,85,090. పోయినేటి అంకెకి ఒకటి కలిపి ఉంది. కింద, గణించినవారి పేరు ఉండాల్సిన చోటు ఖాళీ.

ఆ కాగితం ప్రెస్సుకు వెళ్ళలేదు. పంచాంగం ఆగిపోయింది. రిటైరయ్యేదాకా ఆయన నల్లబల్ల మీద నాలుగు వందల యాభై కోట్లే రాశాడు. ఏటా ఉగాదికి మాత్రం సొరుగు తీసి, పెన్సిలుతో తండ్రి అంకెకు ఒకటి కలిపేవాడు. పేరు రాయలేదు.