పడకగది కింద బావి

తెనాలి ఊరి చివర, రేపల్లె రైలు పట్టాల పక్కన ఉంటుంది మా ఇల్లు. ఒకప్పుడు అదంతా నిమ్మతోట. తోట కొట్టేసి ప్లాట్లు వేసినప్పుడు మా ప్లాటులో పాత గిలకబావి మిగిలింది. దాన్ని పూడ్పించి, మీద పడకగది వేయించాను.

పూడ్చిన బావికి ఊపిరాడాలని అడుగు నుంచి పైదాకా ఒక గొట్టం నిలబెడతారు మా వైపు. మా మేస్త్రీ, టౌనులో ఉండే సాయిబు, అలాగే దించాడు. అది గది మధ్యలో జానెడు పైకి వచ్చింది. మంచానికి అడ్డం.

"కోసేసి మూసెయ్యవయ్యా," అన్నాను.

"బావి ఊపిరి ఆపకూడదండి మామ్మగారూ. గది అటు జరుపుకుందామండి."

"పోసిన పునాది నువ్వు మోసుకెళ్తావేంటి?"

అతను నవ్వలేదు. గొట్టం కోసి, కొబ్బరిచిప్ప బోర్లించి, సిమెంటు మెత్తి, టైల్స్ పరిచాడు. ఆ రోజు టీ ఇస్తే తాగకుండా వెళ్ళిపోయాడు.

రెండేళ్ళు ఏమీ లేదు. కోడలు కడుపుతో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం ఆ గదిలో నిద్రలేచి వంటింట్లోకి వచ్చింది.

"అత్తయ్యా, మంచం కింద ఎవరో నీళ్ళు తోడుతున్నట్టుందండి."

"రైలు అదురు."

"ఇప్పుడు రైలేంటి?"

"గూడ్సు అయ్యుంటుంది. ఆ పప్పు దించు."

కాన్పుకని బాపట్ల పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల దాటినా తిరిగి రాలేదు. ఫోను చేస్తే ఒకటే మాట.

"ఆ గది సంగతి తేలిస్తేనే పిల్లను తీసుకొస్తానండి. లేదంటే మేం వేరే ఇల్లు చూసుకుంటాం."

మనవరాలు నా గడప తొక్కకుండానే ఇల్లు రెండయ్యేలా ఉంది.

ఆ మధ్యాహ్నం నేనే ఆ గదిలో చాప వేసుకుని, చెవి నేలకు ఆనించి పడుకున్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత చేద నీళ్ళలో మునిగిన చప్పుడు. తాడు లాగుతుంటే గిలక కిర్రుమంటోంది. చేద పైదాకా రాలేదు. మళ్ళీ మునిగింది. ఆ బావి గిలకను పాత ఇనుము వాడికి అమ్మింది నేనే.

మేస్త్రీకి కబురు పెట్టాను. వచ్చి టైల్స్ పగలగొట్టాడు. చిప్ప తీయగానే గదంతా తడిమట్టి వాసన, దాంతోపాటు నలిపిన నిమ్మాకు వాసన. గొట్టానికి అతుకు వేసి, గోడవారకు తిప్పి, కిటికీ కింద మూతి వదిలాడు.

"ఇంక చప్పుడు ఉండదండి," అన్నాడు. ఈసారీ టీ తాగలేదు.

చెప్పినట్టే చప్పుడు ఆగిపోయింది. గాలి ఆడుతుందో లేదోనని గొట్టం మూతికి ఒక నూలుపోగు కట్టాను. గొట్టం పోగును లోపలికి లాక్కుంది. పొద్దున చూసినా, సాయంత్రం చూసినా లోపలికే. వారం రోజుల్లో ఒక్కసారైనా బయటికి ఊగడం చూడలేదు. బావి ఊపిరి పీల్చడమే గానీ వదలడం లేదు.

కోడలు పిల్లతో దిగింది. గుమ్మంలోనే అడిగింది.

"చప్పుడు పోయిందా అత్తయ్యా?"

"పోయింది."

అది అబద్ధం కాదు. మా అబ్బాయి ఆ గదిలో ఉయ్యాల కట్టబోతుంటే ఆపాను.

"ముందుగదిలో కట్టు. అందరం అక్కడే పడుకుందాం. రెండు ఫ్యాన్లు తిప్పి కరెంటు తగలెయ్యడం దేనికి?"

"మీరు మారరండి," అని కోడలు నవ్వింది.

నా పిసినారితనం ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆ గదిలో ఇప్పుడు బియ్యం బస్తా కూడా పెట్టను.