రెండో ఆకు

పందొమ్మిది వందల నలభైల్లో బెజవాడ నుంచి చార్మినారు దాకా జరిగిన సైకిల్ పందెంలో నేనూ దిగాను. రెండు రాత్రులు కన్ను మూయకుండా తొక్కి, తెల్లవారేసరికి సైదాబాద్ చేరాను. ఇంకో మూడు మైళ్ళు తొక్కితే చాలు, కానీ కాళ్ళు ఆడలేదు. ఒక బర్రెల కొట్టం పక్కన గడ్డిలో కంబళి పరుచుకుని పడుకున్నాను. మడమ దగ్గర చురుక్కుమంటే మెలకువ వచ్చింది. ఏదో గడ్డిలోకి జారిపోయింది.

కొట్టంలో పాలు పితుకుతున్న మల్లయ్య అనే అతను పరుగున వచ్చి, తన తువాలతో నా కాలు బిగించి, నోట్లో వేపాకు కుక్కాడు.

“శేదున్నదా తమ్మీ?”

పాము విషం ఎక్కితే చేదు తెలియదంటారు. అలాంటివాణ్ణి నిద్రపోనివ్వరు. మా ఊళ్ళోనూ ఇదే పరీక్ష. నాకు ఏ రుచీ తెలియలేదు. కానీ ఆ పూట నాకు ప్రాణం కన్నా నిద్రే ముఖ్యం.

“చేదుగానే ఉంది. నన్ను పడుకోనివ్వండి,” అన్నాను కళ్ళు మూసుకునే.

అతను ఇంకో ఆకు పెట్టాడు. “గిదెట్లున్నది?”

“ఇదీ చేదే.”

చెంప ఛెళ్ళుమంది. “గది చింతచిగురు,” అన్నాడు.

ఈ రెండో ఆకు సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా నన్ను కొడుతూ, తిడుతూ కొట్టం చుట్టూ నడిపించాడు. నేనెవరో తెలియకుండానే ఎందుకింత పాటుపడుతున్నావని అడిగాను.

“మా తమ్ముడు గూడ శేదున్నదనే అన్నడు,” అన్నాడు మల్లయ్య. “నమ్మి పండుకోనిచ్చిన.”