ఎడమవైపు బెంచీల సమ్మె

ఆ రోజుల్లో పంతులు కావాలంటే పాఠం చెప్పడం వస్తే చాలదు, పిల్లల మీద పరిశోధన కూడా చెయ్యాలి. తన చొక్కా ఎక్కడుందో అమ్మని అడిగితే గానీ తెలియని ఇరవై మూడేళ్లవాడికి పిల్లల వికాసం గురించి ఏం తెలుస్తుందని ఆ పని అప్పగించారో నాకిప్పటికీ అర్థం కాదు. మా శిక్షణ కళాశాలలో ఒక మాస్టారు ఉండేవారు. దేన్నయినా గళ్లు గీసి అందులో పెడితే గానీ నమ్మరు, అందుకని ఆయన్ని పట్టికల మాస్టారు అనేవాళ్లం. ఆయన నాకిచ్చిన అంశం "మెచ్చుకోలు వలన విద్యార్థి చదువు మెరుగుపడునా?" అన్నది. పడుతుందని మా ఇంటికి పాలు పోసే ఆవిడని అడిగినా చెబుతుంది. కానీ పట్టిక కావాలి. అది లేకపోతే నేను పాసవను, పాసవకపోతే వేసవి దాకా నాకోసం ఖాళీగా ఉంచుతామన్న ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

దానికి తోడు అది అరవై తొమ్మిది, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న ఏడాది. మేము తెనాలి నుంచి నాన్నగారి ఉద్యోగం కోసం వచ్చి కొత్తపేటలో అద్దెకుండేవాళ్లం. నేను పాఠాలు చెప్పడం సాధన చెయ్యాల్సిన బడి అక్కడి నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్లే రోడ్డు మీద, ద్రాక్షతోటల పక్కన రెండు రేకుల షెడ్లు. బస్సు వచ్చిన రోజు బడి ఉండదు, బడి ఉన్న రోజు బస్సు రాదు. పొద్దున్నే గుమ్మం దాటేటప్పుడు అమ్మ, "బయట నోరెత్తకు నాయనా, మన యాస ఇట్టే తెలిసిపోతుంది" అనేది. నోరెత్తకుండా పాఠం చెప్పడం ఎలాగో మా కళాశాలలో నేర్పలేదు.

సరే, ఏడో తరగతిని రెండుగా చీల్చాను. కుడివైపు బెంచీలు మెచ్చుకోలు వర్గం, వాళ్లు ఏం చెప్పినా "శభాష్!" అనాలి. ఎడమవైపు బెంచీలు మౌన వర్గం, వాళ్లు ఎంత బాగా చెప్పినా "ఊఁ, కూర్చో" అనాలి. నా ఖర్మ కొద్దీ తెలివైన పిల్లలంతా ఎడమవైపే కూర్చున్నారు. అందులోనూ అల్మాస్‌గూడ దిక్కు నుంచి నడిచి వచ్చే ఒక పిల్ల (తండ్రి తోటలో కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు) ప్రతి ప్రశ్నకీ చెయ్యెత్తేది. నా మనసులో దానికి లీడరమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఇటు చూస్తే కుడివైపు మొదటి బెంచీ మొద్దబ్బాయి, ఇనుము ఎందుకు తుప్పు పడుతుందంటే "ముసలిదైతది సార్" అన్నాడు. వాడికి శభాష్! పళ్లు కొరుక్కుంటూ మరీ అన్నాను.

హెడ్మాస్టరు గారు కిటికీలోంచి రెండు రోజులు చూసి, "ఏందయ్యా గీ పరేషాన్? సగం మంది పోరగాండ్లు మనుషులు, సగం మంది గోడలా?" అన్నారు. పరిశోధనండీ అన్నాను. "నీ పరిశోధన సల్లగుండ" అని వెళ్లిపోయారు.

మధ్యలో సమ్మెలకి బడి మూతపడి, తెరుచుకుని, మళ్లీ మూతపడి, ఎలాగైతేనేం చివరి పరీక్ష రోజు వచ్చింది. అది రాయిస్తే నా పట్టిక పూర్తి. పట్టికల మాస్టారు స్వయంగా చూడ్డానికి వస్తానన్నారు. నేను ప్రశ్నలు బోర్డు మీద రాస్తుంటే బయట ఒక్కసారిగా నినాదాలు. "కావాలె! కావాలె!" అమ్మ చెప్పినంతా అయిందనుకుని అలమారా వెనక దూరాను. కాసేపటికి హెడ్మాస్టరు గారు నా భుజం పట్టి బయటికి లాగారు. ఆయనకి నవ్వు ఆగడం లేదు. "భయపడకు, నీ పోరగాండ్లే. ఏం కావాల్నో జర ఇను."

విన్నాను. "కావాలె కావాలె, శభాష్ కావాలె!" ఎడమవైపు బెంచీలు మొత్తం వరండాలో బైఠాయించాయి. ముందు లీడరమ్మ.

"కుడిదిక్కోళ్లు తప్పు చెప్పినా శభాష్ అంటున్రు. మేం ఒప్పు చెప్పినా కూసోమంటున్రు. మేమేం జేసినం సార్?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లో ఇన్ని సమ్మెలు చాలవన్నట్టు ఇదొకటా! మాస్టారు వచ్చే వేళయింది. బతిమాలాను. "ఇవాళ పరీక్ష రాయండమ్మా, రేపటి నుంచి ఎన్ని శభాష్‌లు కావాలంటే అన్ని చెబుతాను."

"రేపు మీరు రారు గద సార్" అంది.

నిజమే, నా సాధన ఆ రోజుతో సరి. ఇక విసుగొచ్చి, "సరే! శభాష్! అందరికీ శభాష్! నీకు రెండు శభాష్‌లు! లే ఇంక!" అని అరిచాను.

ఆ పిల్ల లేవలేదు. నవ్వలేదు కూడా. "ఏ జవాబుకు సార్?" అంది.

నా పుస్తకంలో తేదీలూ, గళ్లూ, గీతలూ ఉన్నాయి గానీ మూడు వారాల్లో ఆ పిల్ల చెప్పినది ఒక్క ముక్క లేదు. నేను విననే లేదు. సిగ్గేసింది. అక్కడే వరండాలో చతికిలబడి, "మళ్లీ చెప్పమ్మా" అన్నాను. చలికాలం బావినీళ్లు వెచ్చగా ఎందుకుంటాయో చెప్పింది. "పైన గాలి సల్లవడ్తది సార్, భూమి లోపల అంత జల్ది సల్లవడది. మా నాయిన పొద్దుగాల నీళ్లు తోడేటప్పుడు చెయ్యి పెట్టి చూసిన." దాని తరవాత ఇంకొకడు, ఆ తరవాత ఇంకొకరు. గంట కొట్టేశారు. పరీక్ష ఎవరూ రాయలేదు. తలెత్తి చూస్తే గేటు దగ్గర పట్టికల మాస్టారు గొడుగు మీద చేతులానించి నిలబడి ఉన్నారు.

"పట్టిక ఏదయ్యా?" అన్నారు. లేదన్నాను. "అయితే వచ్చే ఏడు మళ్లీ రా" అన్నారు.

ఉద్యోగం పోయింది. ఆ పిల్లలందర్నీ పేరుపేరునా తిట్టుకుంటూ కొత్తపేట దాకా నడిచాను (బడి ఉంది కదా, బస్సు ఎలాగూ రాలేదు). మరుసటి ఏడు ఇంకో బడిలో చక్కటి పట్టిక గీసి పాసయ్యాను. అందులో పిల్లల ముఖాలు ఒక్కటీ గుర్తులేవు. ఆనాటి ఆ కోపిష్ఠి కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పదవీ విరమణ దాకా వేల పాఠాలు చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా గుర్తున్న పాఠం మాత్రం ఆ వరండాలోదే, అదీ నేను చెప్పింది కాదు.